లో యాంగిల్ పెట్టినా ఆసామి పెద్దగా కనపడడం లేదు: గుంట గట్టు సీనుకి షాట్లు ఎట్టా పెట్టాలి?

గుంటగట్టు

అందరికీ నమస్కారం. షార్ట్ ఫిల్ములో మూడు నిమిషాల సీను ఇది. అల్లూరు పక్క రొయ్యల గుంట, గట్టు మీద రేకుల షెడ్డు. గుంట సొంతదారు ఆసామి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోనుంటాడు. కౌలుకి చేసే మనిషి వచ్చి ఎదురుగా నిలబడి, రొయ్యకి తెల్లమచ్చ రోగం తగిలి పంట పోయింది, కౌలు డబ్బుకి రెండు నెలలు గడువియ్యమని అడుగుతాడు. ఆసామి ఒక్క మాట మాట్లాడడు. చివర్న లేచి పోతాడు.

ట్రయల్ తీసి చూశాం. ఆసామికి లో యాంగిల్ (కెమెరా కింద నుంచి పైకి), కౌలుదారుకి హై యాంగిల్ (పై నుంచి కిందికి). ఆసామి పెద్దగా, కౌలుదారు చిన్నగా కనపడాలని. ఎడిటింగులో పెడితే ఆసామి ఆకాశంలోకి చూస్తున్నట్టుంది, కౌలుదారుకేమో కళ్లే కనపడడంలేదు, రెప్పలు వాల్చిన బొమ్మలా ఉంది. ఇద్దరూ ఒకే చోట ఉన్నట్టు లేదు. కెమెరా ఏపీఎస్-సీ సెన్సారు (ఫుల్ ఫ్రేము కన్నా చిన్నది), దాంతో వచ్చిన కిట్ లెన్సు 18-55 మిల్లీమీటర్లు. మొహం దగ్గరగా చూపే క్లోజులన్నీ 18లో, అంటే బాగా వెడల్పుగా చూసే కొసలో తీశాం. టైము మధ్యాహ్నం ఒంటిగంట. తప్పు యాడుంది?

పెన్నా పడమర

తప్పు యాంగిల్లో లేదు తమ్ముడూ, కుర్చీలో ఉంది. కొలిచి చూడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. అయిదున్నర అడుగుల మనిషి నిలబడితే కళ్లు అయిదడుగుల రెండంగుళాల దగ్గర. అంటే కౌలుదారు చూపు కిందికి దిగాల, ఆసామి చూపు పైకి పోవాల. మీరు కెమెరాని ఆసామికి కింద, కౌలుదారుకి పైన పెట్టారు. రెండూ వాళ్ల చూపులకి సరిగ్గా ఎదురు. ఆసామి పైకి చూస్తుంటే కెమెరా ఇంకా కిందుండాది, గెడ్డం కనపడి చూపు ఆకాశానికి పోయింది. కౌలుదారు కిందికి చూస్తుంటే కెమెరా నెత్తి మీదుండాది, రెప్పలే మిగిలినయ్.

చూసేవాడికి యాంగిళ్ల పేర్లు తెలియనక్కర్లేదు. ఎవరి కళ్లు ఎవరివైపు పోతున్నాయో మటుకు పసిపిల్లోడికైనా తెలుస్తుంది. ఆ లెక్క తప్పితే మిగతాదేదీ నమ్మడు.

లుక్ రైట్

పెన్నా అన్న చెప్పిందానికి ఎడిటింగ్ వైపు నుంచి ఒకటి కలుపుతాను. లో యాంగిల్ అంటే బలం, హై యాంగిల్ అంటే బలహీనత అని సూత్రంలాగా పట్టుకోవద్దు. హాలీవుడ్ సినిమా సిటిజన్ కేన్ (1941) ఒక్కటి చాలు దానికి. కేన్ ఎన్నికల్లో ఓడిపోయాక పాత స్నేహితుడితో మాట్లాడే సీనుకి దర్శకుడు ఆర్సన్ వెల్స్, కెమెరామన్ గ్రెగ్ టోలాండ్ సెట్టు నేలనే కోయించి కెమెరాని కిందికి దించారు. అంత లో యాంగిల్లో కనపడేది ఓడిపోయిన మనిషి. పైకప్పు నెత్తి మీద కూర్చున్నట్టు ఉంటుంది. మనిషి పైన ఏముందో దాన్ని బట్టి అర్థం మారుతుంది: ఖాళీ ఆకాశమైతే ఒకటి, రేకుల కప్పు అయితే ఇంకొకటి. మీ ఆసామి షెడ్డులో ఉన్నాడు. లో యాంగిల్ పెడితే రేకులూ ఇనుప పైపులూ ఫ్రేములోకి వస్తాయి. ఆయన ఇరుక్కుపోయినట్టు కనపడతాడు, మీరు కోరుకున్న దానికి పూర్తిగా తిరగబడి.

మూడుకాళ్లు

లెన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు, అసలు దెబ్బ అక్కడ ఉంది. మీ కెమెరాలో 16:9 ఫ్రేముకి సెన్సారు ఎత్తు సుమారు 13.2 మిల్లీమీటర్లు. నెత్తి నుంచి భుజం దాకా, అంటే అడుగున్నర ఎత్తు ఫ్రేము నిండాలంటే 18లో మొహానికి రెండడుగుల దగ్గరికి పోవాలి. 35లో నాలుగడుగులు. 55లో ఆరుంపావు. ఫ్రేములో సైజు ఒకటే, మొహం మాత్రం ఒకటి కాదు. ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు అయిదంగుళాలు. రెండడుగుల్లో ముక్కు చెవి కంటే ఇరవై శాతం పెద్దగా పడుతుంది. ఆరుంపావులో ఏడు శాతం లోపే. ఇది లెన్సు చేసే పని కాదు, దూరం చేసే పని. లెన్సు మార్చి అదే దూరంలో నిలబడితే ముక్కూ చెవీ అదే పాళ్లలో ఉంటాయి, ఫ్రేము తెగడం ఒక్కటే మారుతుంది.

యాంగిల్ లెక్క కూడా దూరంతోనే. కెమెరాని కంటి కన్నా ఒక అడుగు దించారనుకోండి. నాలుగడుగుల నుంచి అది 14 డిగ్రీలు. పది అడుగుల నుంచి ఆరు డిగ్రీలు కూడా రాదు. రెండడుగుల నుంచి అయితే 26 దాటుతుంది. మీరు 18 పెట్టి దగ్గరికి పోయారు కాబట్టి కొంచెం దించినా గెడ్డం కింద దూరినట్టు వచ్చింది. స్టాండు ఎన్ని అడుగులు దించావు అని అడిగితే సరిపోదు, ఎంత దూరం నుంచి దించావు అని కూడా అడగాలి.

గుంటగట్టు

ఇప్పుడు అర్థమైంది, అందరికీ థ్యాంక్స్. అట్టయితే ఆసామిని నిలబెట్టి, కౌలుదారుని కూర్చోబెట్టమంటారా?

పెన్నా పడమర

వద్దు. కుర్చీ ఎవరిదో అదే కథ. కౌలుదారుకి కుర్చీ వెయ్యడు ఆ ఆసామి. నిలబడి అడగడం, కూర్చోని వినడం, అందులోనే మన ఊళ్ల మర్యాదంతా ఉంది. దాన్ని చెడగొట్టి యాంగిల్ కాపాడుకుంటే ఏం మిగలదు.

నా మాట: ఇద్దరికీ కెమెరాని ఆసామి కంటి ఎత్తులోనే, నాలుగడుగుల దగ్గర పెట్టు. కౌలుదారు మీద అది తనంతట తనే కొంచెం లో యాంగిల్ అవుద్ది, ఫరవాలేదు. కానీ అతన్ని దూరం పెట్టు. ఆసామికి క్లోజు, కౌలుదారుకి మోకాళ్ల దాకా. ఆసామి భుజం మీదుగా సజెషన్ షాట్ తీసి, ఫ్రేములో సగం ఆసామి వీపూ కుర్చీ ఆక్రమించుకోనీ. కౌలుదారు మిగిలిన సందులో నిలబడతాడు. సైజూ ఖాళీ చోటూ చెప్తాయి ఎవరిది పైచెయ్యో.

నల్ల గ్రానైట్

పెన్నా గారితో సగం ఒప్పుకుంటాను. ఇంకో దారి ఉంది, అది కథలోనే ఉంది. పంట పోయింది అంటున్నారు గదా. తెల్లమచ్చ వచ్చిన గుంటని ఎండగడతారు. ఎండిన గుంటలో తియ్యండి. కౌలుదారు అడుగున ఏరేటర్ (నీళ్లు చిలికి గాలి కలిపే చక్రం) విప్పుకుంటా ఉంటాడు, ఆసామి కుర్చీ గట్టు మీద. గట్టు అయిదడుగులు అనుకుంటే ఆసామి కళ్లు తొమ్మిదడుగుల మీద, కౌలుదారువి అయిదు దాటిన కాడ. పది అడుగుల దూరంలో అది ఇరవై డిగ్రీల పైనే. ఇప్పుడు లో యాంగిలూ హై యాంగిలూ వాళ్ల కళ్లే పెట్టినయ్, కెమెరాతో దొంగ లెక్క అక్కర్లేదు. చీమకుర్తి క్వారీల్లో తీసేవాళ్లకి ఇది తెలుసు. గొయ్యే యాంగిల్ ఇచ్చేస్తుంది, కెమెరా నిమ్మళంగా ఉంటే చాలు.

ఇంకొక ముఖ్యమైన సంగతి, సముద్రం పక్క తీసేవాళ్లు అందరూ గుర్తు పెట్టుకోవాల్సింది. నేల చదునుగా ఉన్నచోట ఆకాశమూ నేలా కలిసే గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే పడుతుంది. కెమెరా అయిదడుగుల మీద ఉంటే అదే నేల మీద నిలబడిన ప్రతి మనిషినీ ఆ గీత అయిదడుగుల దగ్గరే కోస్తుంది, పది అడుగుల్లో ఉన్నా, వంద అడుగుల్లో ఉన్నా. కెమెరాని పైకీ కిందికీ వంచితే గీత ఫ్రేములో జరుగుతుంది గానీ మనిషి మీద జరగదు. స్టాండు ఎత్తు మారిస్తేనే జరుగుతుంది. కంటి ఎత్తులో పెడితే గీత కళ్లలోంచి పోతుంది, గొంతు ఎత్తులో పెడితే తల తెగినట్టుంటుంది. రెండూ చెడ్డవే. రొమ్ము ఎత్తుకి దించండి, తలా భుజాలూ ఆకాశం మీద పడతాయి. నెత్తి కన్నా ఒక అడుగు పైకి లేపండి, మనిషి మొత్తం మట్టిలోనే ఉంటాడు, ఆకాశం తగలదు. మీ ఆసామికి మొదటిది, కౌలుదారుకి రెండోది. ఒక్క డైలాగూ లేకుండా సగం సీను అయిపోయింది.

కొత్తపట్నం, మైపాడు, అల్లూరు, ఈ చదును నేలల్లో ఇది ఖచ్చితంగా పనిచేస్తుంది. వెనకాల సరుగుడు తోట ఉంటే గీత కనపడదు, అప్పుడు తోట అంచు చూసుకోవాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు కొండలు గీతని మింగేస్తాయి, అక్కడ లెక్క వేరు.

థర్మకోల్

నల్ల గ్రానైట్ గారూ, గీత సంగతి బ్రహ్మాండంగా చెప్పారు. కానీ తల ఆకాశం మీద పడితే మొహం నల్లబడుతుంది. ఒంటిగంటకి అయితే ఇంకా దారుణం, కనుబొమ్మల కింద రెండు గుంటలు తప్ప ఏం ఉండవు. పొద్దున ఎనిమిది లోపు గానీ, సాయంత్రం నాలుగు తర్వాత గానీ పెట్టుకోండి. నాలుగడుగుల తెల్ల థర్మకోల్ షీటుతో వెలుగు కళ్లకి కాస్త పై నుంచే కొట్టించండి. కింద నుంచి కొడితే గెడ్డం వెలిగి దెయ్యం మొహం వస్తుంది. గుంటలో నీళ్లు ఉంటే ఆ వెలుగు కింద నుంచే కొడుతుంది, ఎండగట్టిన గుంటలో ఆ తలనొప్పి లేదు.

ఇంకొకటి, ఎన్‌డీ ఫిల్టరు (లెన్సు ముందు పెట్టి వెలుగు తగ్గించే నల్లద్దం) లేకుండా పగలు తియ్యొద్దు. సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు 1/50. నడి ఎండలో ఐఎస్ఓ 100 పెట్టినా ఎఫ్ 22 దాకా పోవాల్సి వస్తుంది. ఎఫ్ 4 కావాలంటే అయిదు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగం అవుతుంది) కొయ్యాలి, అంటే ఎన్‌డీ 32. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకునేందుకు చప్పగా రికార్డు చేసే పద్ధతిలో) తీస్తూ మీ కెమెరా కనీస ఐఎస్ఓ 800 అయితే ఇంకో మూడు స్టాపులు, ఎన్‌డీ 256. ఫిల్టరు లేదని షట్టరు 1/1000కి పెంచితే పక్క గుంటలో తిరిగే ఏరేటర్ చక్రం చూడండి, నీటి చుక్కలు గాజు పూసల్లా గాలిలో నిలబడి టకటకా ఎగురుతాయి. ఆ గట్టితనం యుద్ధం సీనుకి పనికొస్తుంది. బతిమాలే సీనుకి కాదు.

పంట ఉన్న పక్క గుంటల్లో సౌండు కోసం ఏరేటర్లు ఆపమని మాత్రం అడగొద్దు. రొయ్యకి ఆక్సిజన్ అదే.

ఫస్ట్ షో

ఇవన్నీ బాగున్నాయి గానీ ఒక మాట. మన ప్రేక్షకుడు లో యాంగిల్ అంటే హీరో ఎంట్రీ అని అలవాటు పడ్డాడు. కాళ్లు, చెప్పులు, పంచె అంచు, అక్కడి నుంచి పైకి లేచే కెమెరా. ఆ అలవాటుని కాదని సీను తీస్తే జనానికి అందుతుందా?

లుక్ రైట్

అలవాటు ఉంది కాబట్టే జాగ్రత్త. హీరో ఎంట్రీ లో యాంగిల్ పని చేసేది దానికి ముందు పది నిమిషాలు అందరూ ఆయన పేరు చెప్పుకుని ఎదురు చూస్తారు కాబట్టి. యాంగిల్ ఆ ఎదురుచూపుకి ముద్ర వేస్తుంది, అంతే. ఇక్కడ ఆసామి కోసం ఎవరూ ఎదురు చూడలేదు. అదే షాట్ పెడితే విలన్ అని బోర్డు కట్టినట్టు అవుతుంది. ఈ ఆసామి విలన్ కాదు, ఆయనకీ అప్పులు ఉండొచ్చు. నోరు విప్పకపోవడంలోనే ఆ అనుమానం నిలబడాలి.

కెమెరా ఎత్తు వేరు, వంపు వేరు అని కూడా చెప్పాలి ఇక్కడ. జపాన్ దర్శకుడు ఓజు కెమెరాని నేల మీద కూర్చున్న మనిషి కంటికన్నా కిందనే పెట్టేవాడు, కానీ పైకి పెద్దగా వంచేవాడు కాదు. తిన్నగా ఎదురుకే చూసేట్టు, 50 లెన్సుతో. అందుకే ఆ మనుషులు భయపెట్టరు, ఇంట్లో పక్కన కూర్చుని చూస్తున్నట్టు ఉంటుంది. కింద పెట్టి పైకి వంచితేనే హీరో ఎంట్రీ. కింద పెట్టి వంచకపోతే అరుగు మీద కూర్చున్న చూపు.

ఫస్ట్ షో

సరే, ఎదురుచూపు సంగతి ఒప్పుకుంటున్నా. అయినా మూడు నిమిషాల్లో ఒక్క షాటైనా గట్టిగా ఉండాలని నా అభిప్రాయం. అన్నీ నిమ్మళంగా ఉంటే సీను నిద్రపోతుంది.

మూడుకాళ్లు

ఆ ఒక్క షాట్ ఎప్పుడు పెడతారన్నదే ప్రశ్న. "గడువియ్యి సామీ" అన్న మాట దగ్గర కౌలుదారుకి క్లోజు పెట్టండి, 55లో, ఆరడుగుల నుంచి. అప్పటిదాకా అతన్ని నడుము పైభాగమే ఫ్రేము నిండేంత దగ్గరగా కూడా చూపించొద్దు. మొదటి నుంచీ క్లోజులు వాడేస్తే ఆ మాట దగ్గర కెమెరాకి చెప్పడానికి ఏం మిగలదు.

లుక్ రైట్

దానికి నా ఓటు. ఆసామి మౌనం గురించి కూడా. ఆయన మొహం ఏ భావమూ లేకుండా ఇరవై సెకన్లు ఏకంగా తీసి పెట్టుకోండి. రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసి చూపించింది ఇదే: ఒకే మొహాన్ని సూప్ గిన్నె పక్కన పెడితే ఆకలి కనపడింది, శవపేటిక పక్కన పెడితే దుఃఖం కనపడింది. మీ ఆసామి మొహానికి ముందు లెక్కల పుస్తకం ఇన్సర్టు (ఆ వస్తువు ఒక్కటే దగ్గరగా చూపే చిన్న షాట్) పెడితే లోభి. పగిలిన గుంట అడుగు పెడితే జాలి. కౌలుదారు చేతుల్లో బురద పెడితే సిగ్గు. మూడూ తీసుకుని ఎడిటింగు బల్ల మీద తేల్చుకోండి. నటుణ్ణి మాత్రం జాలిగా చూడమని, కోపంగా చూడమని చెప్పొద్దు. చెప్పారంటే ఆ మొహం ఒక్క చోటే అతుకుతుంది.

ఇక లైను. ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకోండి, కెమెరా మొత్తం సీను ఆ గీతకి ఒకే పక్కన. ఆసామి ఫ్రేములో రైట్ లుక్ అయితే కౌలుదారు లెఫ్ట్ లుక్. గట్టు మీద ఇది తప్పడం చాలా తేలిక, ఎందుకంటే గట్టు సన్నగా ఉంటుంది, ఇటు చోటు లేదని స్టాండు అటు వైపుకి పట్టుకుపోతారు. వెంటనే ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తుంటారు. దాటాలంటే షాట్ నడుస్తుండగా దాటాలి, లేదా మనిషే నడిచి గీతని మార్చాలి, లేదా సరిగ్గా గీత మీదే ఒక షాట్ పెట్టి అటు పోవాలి. మీకు మంచి అవకాశం చివర్లో ఉంది. ఆసామి లేచి కౌలుదారు ముందు నుంచి దాటి పోతాడు. అక్కడ గీత తనే తెగుతుంది, ఆ తర్వాత కౌలుదారుని రెండో పక్క నుంచి చూపిస్తే ఏదో తలకిందులైందని కడుపులో తెలుస్తుంది.

ఒకే మనిషి మీద రెండు షాట్లు వరసగా పెడితే కనీసం 30 డిగ్రీలు జరపండి, లేకపోతే సైజు బాగా మార్చండి. మిడ్ (నడుము పైకి కనపడే షాట్) నుంచి కొంచెం దగ్గర మిడ్‌కి పోతే ఫిల్ము ఎగిరినట్టుంటుంది.

కొత్త చేప

నేను కొత్త. మొబైల్లో తీసేవాళ్లకి కూడా ఇవే వర్తిస్తాయా? షెడ్డులో ట్యూబులైట్ కింద తీస్తే గీతలు పాకుతున్నాయి.

థర్మకోల్

మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వంద సార్లు మినుకుతుంది. మొబైల్ మామూలుగా 30 ఫ్రేములు, 1/60 షట్టరు పెడుతుంది. ఆ మినుకుతో పొసగక గీతలు వస్తాయి. ప్రో మోడ్‌లో షట్టరు 1/50కి గానీ 1/100కి గానీ కట్టెయ్యండి. 25 ఫ్రేములు దొరికితే ఇంకా మంచిది. కొన్ని చవక ఎల్ఈడీ బల్బులు అప్పుడూ మొండికేస్తాయి, బల్బు మార్చడమే.

మూడుకాళ్లు

మొబైల్ మెయిన్ కెమెరా చాలా వాటిలో ఫుల్ ఫ్రేము 24, 26 లెన్సుతో సమానం. అంటే క్లోజుకి దగ్గరికి పోతే ఇందాక చెప్పిన ముక్కు గొడవే. టెలీ కెమెరా ఉంటే దాంతో వెనక్కి వచ్చి తీయండి. లేకపోతే క్లోజులు మానేసి మిడ్‌లో ఆగండి, అది తప్పేం కాదు.

గుంటగట్టు

అందరి మాటలూ కలిపి ఇట్టా అనుకుంటున్నా, చూసి చెప్పండి. ఎండగట్టిన గుంట దొరికింది, గట్టు అయిదడుగులు ఉంది. సాయంత్రం నాలుగున్నర నుంచి.

ముందు దూరం నుంచి వైడ్, 18లో. గట్టు మీద కుర్చీ, అడుగున మనిషి, కదలని కెమెరా, ముప్పై సెకన్లు. తర్వాత ఆసామి భుజం మీదుగా సజెషన్, కింద కౌలుదారు, ఆకాశం తగలకుండా. కౌలుదారు వైపు నుంచి ఆసామి మిడ్, 35లో, తల ఆకాశం మీద. ఇన్సర్టులు మూడు: లెక్కల పుస్తకం, పగిలిన మట్టి, బురద చేతులు. ఆసామి మొహం ఇరవై సెకన్లు. గడువు అడిగే మాట మీద కౌలుదారు క్లోజు, 55లో, ఆసామి కళ్ల ఎత్తు నుంచి. చివర ఆసామి లేచి గట్టు దిగి, కౌలుదారు ముందు నుంచి దాటిపోతాడు, కెమెరా రెండో పక్కకి.

నల్ల గ్రానైట్

వరస బాగుంది. కౌలుదారు క్లోజు ఒక్కటి మార్చండి. ఆసామి కళ్లు తొమ్మిదడుగుల మీద ఉన్నాయి. అక్కడి నుంచి ఆరడుగుల దూరంలో క్లోజు అంటే దాదాపు నలభై డిగ్రీల కిందికి చూస్తుంది కెమెరా, నెత్తి తప్ప ఏం రాదు. గట్టు ఎటూ ఎత్తు చెప్పేసింది. ఆ ఒక్క క్లోజుకి కెమెరాని గుంట అడుగుకి దించి, అతని కంటికి ఒక అరడుగు పైన పెట్టండి. కౌలుదారు తల కొద్దిగా ఎత్తి చూస్తాడు, కళ్లు తెరుచుకుంటాయి. ఆ చూపు ఆసామి మీద ఆగాలంటే గట్టు మీద కుర్చీ ఉన్న చోటే ఒక మనిషిని కూర్చోబెట్టండి, గాల్లోకి చూడమని చెప్పొద్దు.

పెన్నా పడమర

అవును, అది సరి. ఇంకొకటి. నాలుగున్నరకి సూర్యుడు పడమర. కుర్చీ గుంటకి తూర్పు గట్టు మీద వెయ్యి తమ్ముడూ, ఆసామి మొహానికి నేరుగా వెలుగు పడుద్ది, వెనకాల ఆకాశం శుభ్రంగా ఉంటాది. కౌలుదారు వీపుకి ఎండ కొడుద్ది, మొహం నీడలో పడుద్ది. అందుకని థర్మకోల్ పట్టుకునే మనిషి అతని క్లోజుకి కావాల. గట్టు నీడ అడుగులో ముందుగానే పాకొస్తది కాబట్టి క్లోజు చివరికి పెట్టుకోకుండా వైడ్ అయిన వెంటనే తీసెయ్యి.